కుడివైపు కింది మూల

ముప్పై నాలుగేళ్ళుగా నాకొక సందేహం ఉంది. ఎవరిని అడగాలో తెలియక నాలోనే దాచుకున్నాను. ఒక బోర్డు మీద అందమైన అక్షరాలున్నాయనుకోండి. అవి ఎవరివి? రాయించుకున్న దుకాణందారువా? ఐదు రోజులు నిచ్చెన మీద నిలబడి రాసినవాడివా? కింద కుడి మూల చిన్నగా సంతకం పెట్టుకున్నవాడివా? పూజారిగారిని అడిగితే అన్నీ దేవుడివేనంటారు. నిజమే కావచ్చు, నేను కాదనను. కానీ దేవుడు ఏ బోర్డు మీదా సంతకం పెట్టగా నేను చూడలేదు. ఆ పని మనుషులే చేస్తారు. చాలా శ్రద్ధగా చేస్తారు.

నేను ఒక కర్రను. మూడడుగుల వెదురు కర్రను, ఒక చివర గుడ్డ చుట్టిన బంతి. బోర్డులు రాసేవాళ్ళు ఎడమ చేత్తో నన్ను ఏటవాలుగా పట్టుకుని, నా గుడ్డతలను బోర్డు అంచుకు ఆనించి, కుంచె పట్టిన కుడిచేతి మణికట్టును నా వీపు మీద మోపుతారు. అలా చేస్తే చెయ్యి వణకదు, పచ్చి రంగుకు తగలదు. అక్షరం చక్కగా కుదిరితే జనం కుంచెను మెచ్చుకుంటారు, చేతిని మెచ్చుకుంటారు, ఆఖరికి రంగుడబ్బా కంపెనీని కూడా మెచ్చుకుంటారు. నన్ను మెచ్చుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు. నాకేమీ బాధ లేదు. గుళ్ళో గంట మోగితే అందరూ గంటకే దణ్ణం పెడతారు గాని, అది వేలాడే కొక్కేనికి పెట్టరు కదా.

నేను పుట్టింది మన్యంలో. లారీలో కట్టలు కట్టలుగా తణుకు సంతకు వచ్చాను. నన్ను గాలం కర్రగా అమ్మకానికి పెట్టారు. చేప ఎప్పుడు పడుతుందా అని కాలవగట్టున నీళ్ళు చూస్తూ బతకవలసిన రాత నాది. అంతలో కామేశం వచ్చాడు. నన్ను కంటి ముందు పెట్టుకుని, ఒక కన్ను మూసి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వంకర ఉందేమోనని చూశాడు. కర్రల్లో వంకర వెతకడంలో మనుషులు బహు నిశితంగా ఉంటారు.

కామేశం ఆ ఊళ్ళో బోర్డులు రాసేవాడు. అతని భార్య మాణిక్యాంబ తన పాత పట్టు రవికె చింపి, లోపల దూది కుక్కి, గట్టిగా బంతి చుట్టి నా చివర కట్టింది. అంటే నాకు తల పెట్టింది ఆవిడే. కట్టేటప్పుడు, "ఇంట్లో నాకో కొత్త రవికె లేదు గాని, కర్రకి పట్టు రవికె" అని సణిగింది. ఆ సణుగుడు నా మొదటి జోలపాట.

అక్షరాలు రాయడంలో కామేశం పద్ధతి వేరు. సుద్దపొడి రాసిన దారం లాగి వదిలి గీత వేసేవాడు. ఆ గీత మీద సన్నగా అంచు రాసి, లోపల నింపి, ఆ తర్వాత పక్కన నీడ దించేవాడు. తెలుగక్షరాన్ని గుండ్రంగా రాయడం ఎవరికైనా వస్తుంది. ఆ గుండ్రం దొర్లిపోకుండా నిలబడటమే కష్టం. కామేశం రాసిన అక్షరం కాళ్ళు కూడదీసుకుని నిలబడేది. దాని మీద తలకట్టు ఎగరబోయే పిట్ట రెక్కలాగా పైకి లేచేది. తలకట్టు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఊపిరి బిగబట్టినప్పుడు మణికట్టు బరువు సగం తగ్గుతుంది.

అన్నీ అయ్యాక ఆఖరున కుడివైపు కింది మూల రెండంగుళాల మేర 'కామేశ్' అని రాసుకునేవాడు. అదొక్కటే అతని గర్వం. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఒక నియమం ఉంది. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, కానీ ఎవరూ తప్పరు. తాను రాయని అక్షరం కింద తన పేరు రాయకూడదు. బ్యాంకుల వాళ్ళకూ, ప్రభుత్వం వాళ్ళకూ ఇంత కఠినమైన నియమం ఉన్నట్టు నేను వినలేదు.

అదే ఊళ్ళో నరహరి అని ఇంకొకడు బోర్డులు రాసేవాడు. అతను కామేశానికి తోడల్లుడు. మాణిక్యాంబ చెల్లెలు వరాలు అతని భార్య. నరహరి పరమ భక్తుడు. కుంచెను కళ్ళకద్దుకోకుండా రంగులో ముంచేవాడు కాదు. సారా కొట్టు బోర్డు రాసినా సరే, ముందు పైన 'శ్రీ' రాసి, అది ఆరాక తుడిచేసి, అప్పుడు మిగతాది రాసేవాడు. అతని అక్షరాలు బుద్ధిమంతులు. ఒకదాని పక్కన ఒకటి బడిపిల్లల్లా చేతులు కట్టుకుని నిలబడేవి. ఎగరాలన్న ఆలోచన వాటికెప్పుడూ వచ్చినట్టు లేదు. కింద 'హరి' అని, పక్కన చిన్న శంఖం బొమ్మ వేసి సంతకం చేసేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మెయిన్ రోడ్డు మీద పూర్ణయ్యగారు కాఫీ హోటల్ కట్టించారు. పద్దెనిమిదడుగుల రేకు బోర్డు, ఆకుపచ్చ నేల మీద ఎర్రని అక్షరాలు, పసుపు అంచు. 'పూర్ణయ్య కాఫీ హోటల్'. రాయడానికి కామేశాన్ని పిలిచారు. గురువారం ప్రారంభ ముహూర్తం. దిష్టి తగలకూడదని బోర్డు ముందు గోనెపట్టాలు కట్టించి, పూర్ణయ్యగారు సామాన్లకు పట్నం వెళ్ళారు. ఆ పట్టాల వెనక కామేశం ఐదు రోజులు రాశాడు. నేను అతని చేతి కిందే ఉన్నాను గనక చెబుతున్నాను, అటువంటి 'య్య' నేను మళ్ళీ చూడలేదు. ఆ తలకట్టు చూస్తే కాఫీ పొగ పైకి లేస్తున్నట్టుండేది. బుధవారం సాయంత్రానికి అంతా పూర్తయింది. చివరి అక్షరం కింద కొంచెం నీడ, మూలన సంతకం, అంతే మిగిలాయి. వెలుతురు తగ్గుతోందని పరంజీ మీంచి నిచ్చెన దిగబోయాడు. హోటలు కడిగిన నీళ్ళలో నిచ్చెన కాలు జారింది.

కుడి భుజం విరిగింది. ఆస్పత్రికి తీసుకుపోయారు. నన్ను మాత్రం పరంజీ మీదే వదిలేశారు. నాకు ఏమీ విరగలేదని కాబోలు.

మర్నాడు పొద్దున్నే మాణిక్యాంబ ఆస్పత్రి నుంచి చెల్లెలి ఇంటికి కబురు పెట్టింది. "మరిదిగారూ, ఆ మిగిలిన కాస్త నీడా దించేసి రండి. ముహూర్తం దాటిపోతే పూర్ణయ్యగారి దగ్గర మాట పోద్ది."

నరహరి వచ్చాడు. నన్ను తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. నా జన్మలో నన్ను కళ్ళకద్దుకున్నవాడు అతనొక్కడే. అందుకు అతనిమీద నాకు ఇప్పటికీ అభిమానం. గోనెపట్టాలు లాగేసి, అరగంటలో నీడ పూర్తిచేశాడు. కుంచె తుడుచుకున్నాడు. పనయ్యాక కుంచె ఎటు పోతుంది? ఇరవై ఏళ్ళుగా ఎటు పోతోందో అటే పోయింది. కుడివైపు కింది మూలకు దిగి, 'హరి' అని రాసి, శంఖం కూడా ఊదేసింది.

రాశాక చూసుకున్నాడు. అతని చెయ్యి నా మీద చల్లబడిపోయింది.

ఇప్పుడు మీరు నాతో పాటు ఆ క్షణాన్ని చూడండి. రంగు పచ్చిగా ఉంది. భుజం మీద గుడ్డ ఉంది. పక్కన డబ్బాలో టర్పెంటైన్ ఉంది. ఒక్క తుడుపు తుడిస్తే చాలు. నరహరి గుడ్డ ముంచాడు కూడా. సరిగ్గా అప్పుడే, పట్నం నుంచి దిగిన పూర్ణయ్యగారు నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రోడ్డు దాటి వచ్చారు. బోర్డు చూసి అక్కడే ఆగిపోయారు.

"ఓరి నీ అసాధ్యం కూలా! నరహరీ! కామేశం పడ్డాడంటే బోర్డు ఆగిపోయిందనుకున్నాను. నీ చేతిలో ఇంత పని ఉందని తెలీదయ్యా! మన కామేశం రాసుంటే కూడా ఇలా కుదిరేది కాదు!"

పక్కనున్న బట్టల కొట్టాయన అందుకున్నాడు. "ఏవయ్యా, మా కొట్టుకీ ఇదే మోస్తరు అక్షరాలు రాయాలి. వచ్చేవారం ఖాళీయేనా?"

నరహరి నోరు తెరిచాడు. "అదీ... అంటే... అండి..." అన్నాడు. ఆ తర్వాత తడిగుడ్డను నాలుగు మడతలు పెట్టి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. ఆ మడతలు పెట్టడానికి ఎంతసేపు పట్టింది? నాలుగు క్షణాలు. విప్పడానికి ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

అతను దొంగ కాదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. దొంగ అయితే హాయిగా ఉండేవాడు. రేపు చెబుదామనుకున్నాడు. రేపు వచ్చేసరికి బట్టల కొట్టు బోర్డు ఒప్పుకున్నాడు. అది కాగానే సినిమా హాలు వాళ్ళు పిలిచారు. తర్వాత రైసు మిల్లు, తర్వాత కల్యాణ మంటపం. ఊరంతా పూర్ణయ్య హోటల్ అక్షరాలే కావాలంది. అతను అవే రాయబోయాడు. ఎన్నిసార్లు రాసినా తలకట్టు మాత్రం ఎగరలేదు. జనానికి ఆ తేడా కనిపించలేదు. మెచ్చుకోవాలని ముందే నిశ్చయించుకున్నవాళ్ళకు అక్షరాలు కనిపించవు, సంతకమే కనిపిస్తుంది.

నన్ను కూడా తనతోనే ఉంచేసుకున్నాడు.

శనివారం శనివారం వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టడం అప్పుడే మొదలుపెట్టాడు. ఎందుకని వరాలు అడిగితే మొక్కు అన్నాడు. ఏం మొక్కో చెప్పలేదు. ఇక్కడ నాకు ఇంకో చిన్న సందేహం. స్వామి ఆ కాయలు పుచ్చుకునే ఉంటాడు, ఆయన దయామయుడు. కానీ తోడల్లుడికి ఇవ్వవలసినది తనకిస్తుంటే, "నాయనా, ఈ చిరునామా కాదు, నాలుగు వీధులవతల" అని ఒక్కసారైనా అనుకుని ఉండడా?

ఇక కామేశం. భుజం అతుక్కుంది గాని, చెయ్యి గుండెల కంటే పైకి లేవడం మానేసింది. బోర్డులన్నీ తల కంటే ఎత్తునే ఉంటాయి. అందుకని గిన్నెల కొట్టులో కూర్చుని స్టీలు సామాన్ల మీద పేర్లు చెక్కే పనికి కుదిరాడు. ఆ చిన్న కరెంటు మిషను పట్టుకుని, బిందె ఒళ్ళో పెట్టుకుని, 'చి.ల.సౌ. ఫలానాకు ఫలానావారి ఆశీస్సులతో' అని గీసేవాడు. తణుకు చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా పళ్ళేల మీద అతని అక్షరాలే. తినేవాళ్ళు వాటి మీద పప్పు కలుపుకుంటారు. చదివిన పాపాన పోరు. పళ్ళెం మీద సంతకం పెట్టే ఆచారం ఎక్కడా లేదు.

రెండు కుటుంబాల మధ్య రాకపోకలు ఆగలేదు. పండగకు పిలుచుకునేవారు, పెళ్ళిళ్ళకు కలిసి వెళ్ళేవారు. తోడల్లుళ్ళిద్దరూ ఒకే మంచం మీద కూర్చుని వానల గురించి, ధరల గురించి, లోకంలో ఉన్న సమస్త బోర్డుల గురించి మాట్లాడుకునేవారు. ఒక్క బోర్డు గురించి తప్ప.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి పది నిమిషాల్లో, పదహారు రంగుల్లో, పాతికమంది నాయకుల తలకాయల మధ్య రెండక్షరాలు ఇరికించి గాలికి వేలాడదీయడం మొదలుపెట్టాడు. వాన పడితే చిరుగుతుంది, చిరిగితే ఇంకొకటి. నరహరికి పని పోయింది. నాకూ పోయింది. ఆ తర్వాత నేను చేసిన ఉద్యోగాలు చెప్పమంటారా? జామకాయలు రాల్చాను. పిల్లిని తరిమాను. కొన్నాళ్ళు దోమతెర మోశాను. వరాలు ఒకసారి నా పట్టుతలతో అటక మీది బూజు దులిపింది. కళాకారుల వార్ధక్యం ఇలాగే ఉంటుందని విన్నాను. అందుకే పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ఈమధ్య హైదరాబాదు నుంచి సంహిత అనే అమ్మాయి వచ్చింది. అక్షరాల రూపాలు గీసి కంప్యూటర్లకు ఇవ్వడం ఆమె వృత్తి. వాటిని ఫాంట్లు అంటారట. ఫ్లెక్సీలు వచ్చి చేతిరాతను చంపేశాక, ఇప్పుడు ఆ చచ్చిన చేతిరాతనే కంప్యూటర్లో పెట్టి బతికిస్తారట. మనుషులు ఏ పనీ ఒక్కసారితో పూర్తి చేయరు.

పూర్ణయ్యగారు పోయారు. ఆయన కొడుకు గవర్రాజు హోటలు ముఖానికి అద్దాలు పెట్టించి, వెలిగే అక్షరాలు తగిలించాలనుకున్నాడు. పాత బోర్డు తీసేస్తున్నామంటే సంహిత కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసింది. బోర్డును హైదరాబాదులో ప్రదర్శనకు తీసుకెళ్తారు. దాని మీది అక్షరాలతో ఫాంటు చేస్తారు. మూలన ఉన్న సంతకం చూసి దానికి పేరు కూడా పెట్టేశారు, 'హరి' అని.

"సార్, మీ పేరు ఇక ఎప్పటికీ ఉండిపోతుంది సార్. వెడ్డింగ్ కార్డ్స్, సినిమా టైటిల్స్, అన్నిటిమీదా మీరే" అంది సంహిత.

నరహరి "అంతా స్వామి దయమ్మా" అన్నాడు. అని, నన్ను మూలలోంచి తీసి, దుమ్ము దులుపుతున్నట్టు చాలాసేపు తుడిచాడు. బోర్డు మీద ఉన్నంతవరకు అది ఒక్క తణుకులోనే ఉన్న అబద్ధం. ఇక దేశమంతా అచ్చవుతుంది. పేరు ఒకసారి యంత్రంలోకి ఎక్కాక తుడవడానికి టర్పెంటైన్ పనిచేయదు.

బోర్డు వెళ్ళేముందు ఆదివారం నాడు ఒక స్కూలు హాల్లో తరగతి పెట్టారు. నలభైమంది వచ్చారు. అందమైన అక్షరాలు నేర్చుకోవాలని ఉబలాటపడేవాళ్ళు, సాఫ్ట్‌వేరు వాళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు. అందరి దగ్గరా విదేశీ కుంచెలు, పెట్టెల్లో ఇరవై నాలుగు రకాల పెన్నులు, ముట్టుకుంటే మాసిపోయే తెల్లని కాగితాలు. అన్నీ ఉన్నాయి. రాయడం ఒకటే తరువాయి. నన్ను చూసి ఒకాయన, "వావ్, ఇది ఒరిజినల్ టూలా?" అని నాతో ఫొటో తీసుకున్నాడు. పిల్లిని తరిమిన సంగతి నేనూ చెప్పలేదు.

గోడ మీద పెద్దగా బోర్డు ఫొటో వేశారు. "సార్, ఆ 'య్య' ఒక్కసారి రాసి చూపించండి సార్" అంది సంహిత.

నరహరి నన్ను ఆనించాడు. గుండ్రం తిప్పాడు. తలకట్టు దగ్గర ఊపిరి బిగబట్టలేదు, అలా బిగబట్టాలని అతనికి తెలియదు కదా. రెక్క లేవలేదు. వాలిన పిట్టలాగా అక్షరం మీద కూర్చుంది. గోడ మీద ఒకటి, కాగితం మీద ఒకటి. పక్కపక్కనే ఉన్నాయి. చిన్నపిల్లవాడైనా తేడా చెప్పగలడు.

హాలంతా చప్పట్లు. "ఏజ్‌తో పాటు స్టైల్ ఎంత ఇవాల్వ్ అయ్యిందో చూడండి!" అన్నాడు పళ్ళ డాక్టరు. అందరూ తలలూపి, ఆ వాలిపోయిన తలకట్టునే శ్రద్ధగా కాపీ చేసుకోవడం మొదలుపెట్టారు. నలభై కాగితాల మీద నలభై తప్పులు.

నరహరి ముఖం నేను చూశాను. తిడితే తట్టుకునేవాడేమో. చప్పట్లు తట్టుకోలేకపోయాడు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడే గాని తినడం లేదు. వరాలు చూసింది. "ఏంటండీ, శాలువా కప్పించుకుని వచ్చి ఆ మొహం?"

"ఆ బోర్డు నేను రాయలేదు వరాలూ" అన్నాడు.

వరాలు పెరుగు గిన్నె దగ్గరకు జరిపింది. "తెలుసు."

"తెలుసా?"

"అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. బావగారి తలకట్టు నాకు తెలీదా? నా పెళ్ళి పీటల మీద పేర్లు రాసింది ఆయనే. మీరెప్పుడు సెప్తారా అని ముప్పై ఏళ్ళు సూశాను. కొబ్బరికాయలు కొడతా ఉంటే, పోన్లే పచ్చడికైనా పనికొత్తన్నాయని ఊరుకున్నాను."

మర్నాడు సోమవారం. పది గంటలకు బోర్డు దించి వ్యానులో ఎక్కిస్తారు. నరహరి ఎనిమిదింటికే నన్ను చేతబట్టుకుని, కుంచె, రంగులు సంచిలో వేసుకుని గిన్నెల కొట్టుకు వెళ్ళాడు. కామేశానికి ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒళ్ళో ఇత్తడి బిందె పెట్టుకుని ఎవరి పేరో గీస్తున్నాడు. చెయ్యి వణుకుతోంది, కానీ మిషను కూడా వణికేదే గనక రెండూ కలిసిపోయి పని జరుగుతోంది.

"అన్నయ్యగారూ" అన్నాడు నరహరి. సంచి కింద పెట్టాడు.

"కూర్చో తమ్ముడూ. ఈ 'సౌ' అయిపోనీ."

"ఆ హోటలు బోర్డు..."

"ఊఁ."

"దాని మీద నా పేరు..."

"ఉంది. శంఖం కూడా ఉంది." కామేశం తలెత్తలేదు. "రోజూ పొద్దున్న ఆ బోర్డు కిందే కదా కాఫీ తాగుతాను. శంఖం కొంచెం వంకర. పదిసార్లు సెబుదామనుకున్నాను."

నరహరి నేల మీద కూలబడ్డాడు. "నన్ను నాలుగు తిట్టండన్నయ్యా."

"తిట్టాలని ఉండేది. మొదటి ఐదారేళ్ళూ బాగా ఉండేది. గురువారం గురువారం ఏం తిట్టాలో తయారుచేసుకునేవోణ్ణి. ఈలోగా నువ్వు పండక్కి బట్టలు పట్టుకుని వచ్చేసేవోడివి." మిషను ఆపాడు. "ఇప్పుడేంటి మరి?"

"ఇవాళ బోర్డు దింపుతున్నారు. ఇన్నేళ్ళూ అది పైనుంది, మీ చెయ్యి లేవదు. ఇవాళ బల్లల మీద పడుకోబెడతారు. మీ చేత్తో మీ పేరు రాయండి. లేకపోతే నా పేరుతో ఊరూరా తిరుగుద్ది. నేను భరించలేను."

"నువ్వు భరించలేక నన్ను రాయమంటన్నావా? బాగుంది." కామేశం కుడి చెయ్యి చాపి చూపించాడు. వేళ్ళు గాలికి ఆకుల్లా కదులుతున్నాయి. "ఇది సూడు. దీంతో రాత్తే అంత మంచి బోర్డు కింద పిల్లి గీకినట్టుంటది."

"మీ చెయ్యి నేను పట్టుకుంటాను."

"నా చెయ్యి పట్టుకుని నువ్వు రాత్తే అది మళ్ళీ నీ సంతకమే అవుద్ది కదరా!"

గిన్నెల కొట్టాయన కూడా నవ్వాడు. నరహరి నవ్వలేదు. నన్ను ముందుకు చాపాడు. కామేశం నన్ను తీసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ తర్వాత ఆ చెయ్యి. ఒక కన్ను మూసి, వంకర వచ్చిందేమోనని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు. నా మాసిన పట్టుతలను బొటనవేలితో ఒకసారి నొక్కాడు. "నా కర్రే" అన్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

హోటలు ముందు బోర్డును రెండు బల్లల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. వ్యాను సిద్ధంగా ఉంది. సంహిత బుడగల కాగితం చుట్టబోతోంది. నరహరి వెళ్ళి అడ్డంగా నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. గవర్రాజూ, కాఫీ తాగుతున్నవాళ్ళూ, రోడ్డున పోయేవాళ్ళూ, అందరూ విన్నారు. ఊరంతా ఒక్కసారిగా, "మాకు అప్పుడే అనుమానం వచ్చింది" అంది. ఊరికి ఎప్పుడూ అప్పుడే వస్తుంది.

నరహరి పాత సంతకం మీద టర్పెంటైన్ గుడ్డ పెట్టి రుద్దాడు. పచ్చిగా ఉన్నప్పుడు ఒక్క తుడుపుతో పోయేది, ఇప్పుడు కదలనంది. చాకు తీసి గీకబోతే సంహిత కేక వేసింది.

"సార్! ప్లీజ్ సార్! అది హెరిటేజ్! ముట్టుకోకూడదు! ఎగ్జిబిషన్ కార్డ్స్ కూడా ప్రింట్ అయిపోయాయి!"

"అబద్ధం కూడా పాతబడితే దాచుకుంటారామ్మా?" అన్నాడు నరహరి. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అడిగి, ఆకుపచ్చ రంగు కలిపి, 'హరి' మీద, శంఖం మీద, మెల్లగా పూసేశాడు. ముప్పై నాలుగేళ్ళ ఎండకు బోర్డు ఆకుపచ్చ వెలిసిపోయింది. కొత్త రంగు దానితో కలవలేదు. ఆ మూల మాత్రం చెయ్యెడల్పు ముదురుగా, మాసిక వేసినట్టు తేలిపోయింది. దాచడానికి వీల్లేకుండా కనిపిస్తోంది.

మాసిక పైపైన ఆరేదాకా అందరూ కాఫీలు తాగారు. మాణిక్యాంబ, వరాలు రిక్షా దిగి వచ్చారు. కామేశం కుర్చీ లాక్కుని బోర్డు మూల దగ్గర కూర్చున్నాడు. పసుపు రంగులో కుంచె ముంచి, "ఇందులో ఇంత నూనె ఎవడు పోశాడు?" అని కసిరాడు. నరహరి, "నేనేనన్నయ్యా" అన్నాడు. "నీకెప్పుడు వచ్చింది గనక కలపడం" అన్నాడు కామేశం. ముప్పై నాలుగేళ్ళ తిట్లలో పైకి వచ్చింది ఆ ఒక్కటే.

మణికట్టు నా మీద ఆనింది. అబ్బ, ఎంత తేలికైపోయాడు! బరువు లేదు, వణుకు మాత్రం ఉంది. అది నాలోంచి జర్రున పాకి, బోర్డు అంచు మీద నా తలను జారిపోయేటట్టు చేసింది. కుంచె మొన గాలిలో దారి తప్పింది.

"నేను సెప్పలేదూ" అని కామేశం కుంచె కింద పెట్టబోయాడు.

నరహరి రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అన్నగారి చేతిని తాకలేదు. నా తలను ఒక చేత్తో, నా నడుమును ఒక చేత్తో బిగించి పట్టుకున్నాడు. కొయ్యకు దిగేసిన మేకులా నేను కదలడం మానేశాను. వణుకు వచ్చి నన్ను తగిలి ఆగిపోతోంది. మిగిలిన కొంచెం నరహరి ముంజేతుల్లోకి పోతోంది.

'కా' పడింది. కొంచెం వంగింది. 'మే' పడింది. 'శ్' దగ్గరకు వచ్చేసరికి అతను ఊపిరి బిగబట్టాడు. బరువు సగం తగ్గింది. అప్పుడు పొల్లు పైకి లేచింది. ఎత్తుకు ఎత్తు, రెక్కకు రెక్క.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంహిత ముక్కు తుడుచుకుంటూ ఫోనులో ఎవరికో చెబుతోంది. "పేరు మార్చాలి. కామేశ్. క-కు దీర్ఘం. అవును, కార్డులన్నీ మళ్ళీ వెయ్యాలి." మాణిక్యాంబ కొంగుతో మెడ తుడుచుకుంటూ, "శంఖం పెట్టలేదు, నయం" అంది. వరాలు నవ్వింది.

కామేశం కుంచె తుడిచి ఇచ్చేశాడు. "ఇక వదులు తమ్ముడూ. మోకాళ్ళు పట్టేత్తాయి."

"ఆరనివ్వండన్నయ్యా. రోడ్డు దుమ్ము పడుద్ది."

నన్ను పక్కన పెట్టి, రెండు అరచేతులూ ఆ మూల మీద గొడుగులా పట్టాడు నరహరి. వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. అతను లేవలేదు.